రాయి దగ్గు

మా ఎర్రగుంట్ల వైపు దగ్గుల్లో రకాలున్నాయి. బీడీ దగ్గు ఒకటి. తిరగమోతలో ఎండుమిరపకాయ మాడితే ఇంటిల్లిపాదికీ వచ్చే దగ్గు ఒకటి. లోపల ఆడవాళ్ళున్నారేమోనని వాకిట్లో నిలబడి పెద్దమనుషులు దగ్గే మర్యాద దగ్గు ఒకటి. వీటన్నిటికీ వేరుగా ఉండేది రాయి దగ్గు. నాపరాయి కోసి పాలిష్ చేసే ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మగవాళ్ళకు అది వస్తుంది. వచ్చిందంటే ఇక పోదు. మా ఇంటాయనకు వచ్చి చాలా ఏళ్ళయింది.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ముందు వసారాలో నా మిషను, లోపలి గదిలో ఆయన మంచం. పొద్దున ఆయన లేచాడో లేదో నాకు దగ్గే చెప్పేది. ముందు గొంతులో గరగర, తరువాత రొమ్ము అడుగునుంచి పెద్ద దగ్గు, చివర సన్నగా ఒక ఈల. ఆ ఈల వినపడ్డాక టీ పెట్టేదాన్ని. మిషను చప్పుడు మారితే దారం ఎక్కడ చిక్కుకుందో తెలిసినట్టే, ఆయన దగ్గు వింటే ఆ పూట ఆయనకు ఎట్లా ఉందో తెలిసేది. "నీ దగ్గుతో నా చెవులు పోయినాయి, రవ్వంతసేపు గమ్మునుండప్పా" అని రోజూ కసురుకునేదాన్ని. ఆయన నవ్వి, నవ్వినందుకు మళ్ళీ దగ్గేవాడు.

కడపలో డాక్టరు ఒకసారి ఆయన రొమ్ము ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి నాకు చూపించాడు. నల్లగా ఉండాల్సిన చోట పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు. "రాతిదుమ్ము పేరుకుపోయిందమ్మా. దాన్ని బయటికి తీసే మందు లేదు. ఇక దుమ్ములోకి పంపొద్దు. ఈయనకు జలుబు చేసినా తేలిగ్గా తీసుకోవద్దు. అందరికీ వచ్చిపోయే జ్వరం ఈయనకు వస్తే ఊపిరి చాలదు" అన్నాడు. ఆయన పాలిష్ పని మానేసి గేటు కాపలాకు మారాడు. డాక్టరు మాట మాత్రం నన్ను వదలలేదు.

అందుకే కరోనా అనే మాట మొదటిసారి టీవీలో విన్నప్పుడు, ఊపిరి ఆడదంట అని ఎవరో చెబుతుంటే నా చేతిలో కత్తెర కదలలేదు. లోకమంతా దేనిదేనికో భయపడింది. నాది ఒకటే భయం. అది మా గడప దాటి ఆయన రొమ్ములోకి పోకూడదు. పోతే ఆయన నాకు మిగలడు.

నేను నోరున్న మనిషిని, ఆ నోరు ఆ రెండేళ్ళూ బాగా పనికొచ్చింది. గడప ముందు నాపబండ మీద బకెట్టు, సబ్బు పెట్టాను. ఎవరొచ్చినా చేతులు కడగనిదే లోపలికి రానిచ్చేది లేదు. జాకెట్ల లైనింగు బట్టతో మాస్కులు కుట్టి వీధిలో పంచాను. పక్కవీధిలో ఆటో నడిపే ముస్లిం అతను ఉన్నాడు, వాళ్ళావిడ నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది. డ్రైవరు సీటు వెనక కట్టుకోవడానికి మందపాటి ప్లాస్టిక్ తెర ఒకటి కుట్టిమ్మంటే కుట్టిచ్చాను. ఆ ప్లాస్టిక్ దెబ్బకు రెండు సూదులు విరిగాయి, నేను తిట్టిన తిట్లకు మిషనే సిగ్గుపడాలి.

రోగం కంటే కబుర్లు ముందు వచ్చేవి. నందికొట్కూరులో మా అన్న ఉన్నాడు. పొద్దున లేస్తే ఫోనులో ఏదో ఒకటి పంపనిదే ఆయనకు కాఫీ దిగదు. కర్పూరం వాసన చూడమని ఒకరోజు, ఉల్లిగడ్డ కోసి గదిలో పెట్టమని ఒకరోజు. ఒకరోజు వాయిస్ మెసేజు, ఎవరో పెద్ద డాక్టరంట, గొంతు వణుకుతూ మాట్లాడుతున్నాడు. ఊపిరి బిగబట్టి చూసుకోండి, దగ్గు రాకపోతే మీకు కరోనా లేనట్టే అని. నాకు ఒళ్ళు మండి అన్నకు ఫోను చేశాను.

"ఎవురన్నా ఈ డాక్టరు? యాడుంటాడు?"

"శానా పెద్దోడంటమ్మే. మా బామ్మర్ది పంపినాడు."

"మీ బామ్మర్దికి ఎవురు పంపినారు?"

"ఎవురో పంపింటారులే. మంచిమాటే కదా, నీకేమన్నా దుడ్లు అడిగినాడా వాడు?"

అన్నతో వాదించి లాభం లేదు. ఊళ్ళోని ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడిగితే ఆ మాట ఉత్తదే అంది. దగ్గు లేకుండానే ఊపిరి తగ్గిపోయే వాళ్ళున్నారు, పెదవులు నల్లబడినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, ఊరికే మగతగా పడున్నా ఇంట్లో పెట్టుకోవద్దు అని చెప్పింది. నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. కానీ మాతోనే ఉండే మా అత్త, మా ఆయన తల్లి, మా అన్న పంపిన డాక్టరు గొంతును పట్టుకుంది. గొంతు వణికింది కాబట్టి నిజమే చెబుతున్నాడని ఆమె లెక్క.

మొదటి ఏడాది ఎట్లాగో గడిచింది. ఆ ఏడాదే మా ఊళ్ళో రాయి దగ్గుకు కొత్త విలువ వచ్చింది. ఆయన పాలకు పోయి దగ్గితే చాలు, వరసలో నిలబడినవాళ్ళు బెదిరిన కోళ్ళలా చెదిరేవాళ్ళు. ఆయన చేతులు పైకెత్తి, "రాయి దగ్గప్పా, రోగం కాదు" అని చెప్పుకునేవాడు. చెప్పగా చెప్పగా అదే ఆయన నమస్కారమైపోయింది. మా అత్త కూడా ఎవరు కనపడితే వాళ్ళకు, "మావోనిది రాయి దగ్గు, ఎప్పటిదో" అని ముందే చెప్పేసేది.

ఆ మాట ఊరంతా పాకింది. దగ్గే ప్రతివాడూ రాయి దగ్గే అనసాగాడు. టీ బంకు ఆసామి దగ్గుతూ టీ పోసి రాయి దగ్గన్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను ముట్టిన రాయి పిండి రుబ్బే రోలు ఒక్కటే. ఇంకేం చేస్తారు పాపం? రోగమని తెలిస్తే వీధికి అడ్డంగా కట్టెలు కట్టేస్తారని, ఎక్కడికో తీసుకుపోతారని, పోతే మొహం కూడా చూపించరని అందరికీ భయం. రాయి దగ్గంటే ఎవరూ మళ్ళీ అడగరు. నేనేమో ఆ మాట ఎవరి నోట విన్నా దూరం జరిగి, ఆ దగ్గు చివర ఈల ఉందా లేదా అని వినేదాన్ని.

రెండో ఏడాది ఎండలు ముదిరేసరికి అది మళ్ళీ వచ్చింది, ఈసారి వీధివీధికీ వచ్చింది. మైకు పెట్టుకుని ఆటోలు తిరిగాయి. చర్చి మూసేసి, ప్రార్థనలు ఇళ్ళల్లోనే చేసుకోమని పాస్టరయ్యగారు ఫోనులో చెప్పారు. మా అత్తకు అప్పటికి కరోనా టీకా ఒక సూది వేయించాను. ఆయనకు వేయించాలని పోయిన రోజు మందు అయిపోయిందన్నారు.

ఒక సాయంత్రం ఆయన స్నేహితుడొకడు మా ఇంటికి వచ్చాడు. ఇద్దరూ ఒకే పాలిష్ మిషను దగ్గర పనిచేసినవాళ్ళు. నన్ను వదినా అంటాడు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. అరుగు మీద కూర్చోగానే దగ్గాడు. పొడిగా, పొట్టిగా, వెంటవెంటనే. నేను మిషను ఆపి విన్నాను. గరగర లేదు. చివర ఈల లేదు.

"మాస్కు పైకి పెట్టుకో నాయనా, నీకు పుణ్యముంటాది" అన్నాను.

"భయపడొద్దు వదినా, రాయి దగ్గే. మనకేమన్నా కొత్తా?" అని మాస్కు పైకి లాక్కున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. మా ఆయన నవ్వుతూ పోయి పక్కనే కూర్చున్నాడు. నేను కళ్ళెర్రజేస్తే చూడనట్టు నటించాడు. ఆయనకు ఆ మనిషంటే అంత ఇష్టం. అతను మంచినీళ్ళు తాగి, పాత సంగతులేవో చెప్పి పోయాడు. పోగానే ఫినాయిలు పోసి అరుగు కడిగాను. మా అత్తకు కోపమొచ్చింది. "ఇంటికొచ్చిన మనిషి ఎనకాలనే కడుగుతావా? సచ్చినోళ్ళింట్లో కడిగినట్ల కడుగుతాండావే" అంది.

వారం తిరగకుండా ఆ మనిషి పోయాడని కబురొచ్చింది. రాయి దగ్గే కదా అని ఇంట్లోవాళ్ళు ఊరుకున్నారట. మమ్మల్ని మోసం చేయాలని ఆ మాట అనలేదు అతను. తానే నమ్మాడు. కబురు విని నేను వెనక్కి తిరిగేసరికి మా ఆయన తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడుపుకేమో అనుకున్నాను. చెయ్యి పట్టుకుంటే పెనంలా కాలుతోంది.

నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. అయినా నోరు ఆడింది, ఆయన్ను తిడుతూనే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాను. ముక్కులో పుల్ల పెట్టి తీశారు, ఫలితం ఫోనుకు వస్తుందన్నారు, మాత్రలిచ్చారు. ఇంటికి వచ్చి ఆయన్ను లోపలి గదిలో పెట్టి కిటికీలు తెరిచాను. మా అత్త మంచం వసారాలోకి లాగాను. గిన్నె గడప మీద పెట్టి నేను పక్కకు జరిగితే ఆయన వచ్చి తీసుకునేవాడు. కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడినట్టుంది అని ఆయన ఎగతాళి చేశాడు. నాకు నవ్వు రాలేదు.

మిషను ముందు కూర్చునేదాన్ని, కుట్టేదాన్ని కాదు. ఆయన దగ్గు వినడమే నా పని. ఇప్పుడు లోపలినుంచి రెండు దగ్గులు వచ్చేవి. ఒకటి మా పాతది, గరగరా, ఈలా ఉన్నది. ఇంకొకటి ఆ స్నేహితుడు అరుగు మీద దగ్గినది. ఆ రెండోది విన్నప్పుడల్లా ప్రభువా అనుకునేదాన్ని. మొదటిది వినపడితే ప్రాణం లేచొచ్చేది.

మా అత్త మిరియాలు, శొంఠి, తులసి వేసి కషాయం కాచి పూటపూటకూ పంపింది. వద్దనలేదు నేను. వేడి నీళ్ళు లోపలికి పోతే మంచిదే కదా. జ్వరం తగ్గింది. తరువాత దగ్గు తగ్గసాగింది. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ. మరునాడు ఇంకా తక్కువ.

ఒక పొద్దున అసలు వినపడలేదు. గరగర లేదు, ఈల లేదు. టీ గిన్నె చేతిలోనే ఉంది. మా పెళ్ళయి కొన్నేళ్ళు గడిచాక మొదలైన చప్పుడది. అది లేని పొద్దు ఎట్లా ఉంటుందో నేను మరిచిపోయాను. పరుగున పోయి కిటికీలోంచి చూశాను. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"బాగుండాదిమే" అన్నాడు. కాస్త ఆగి, "దగ్గు పోయింది సూడు" అన్నాడు.

"ఆయాసమేమన్నా ఉండాదా?"

"లేదు. ఎప్పట్లానే."

ఎప్పట్లానే. ఆ మాట నన్ను ఇంకా భయపెట్టింది. ఏళ్ళుగా సగం ఊపిరితో బతికిన మనిషికి ఊపిరి చాలడం లేదని ఎట్లా తెలుస్తుంది? నర్సమ్మకు ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ రోజుల్లో ఆమె మాత్రం ఎన్ని ఫోన్లు ఎత్తుతుంది?

మా అత్త సంబరం చూడాలి. గోడకు అవతల ఉన్నవాళ్ళను పిలిచి చెప్పింది. "దగ్గు పాయ! కషాయం దెబ్బకు పాయ! ఊపిరి బిగబట్టమంటి, బిగబట్టినాడు, ఒక్క దగ్గు రాల్యా. ఆ డాక్టరు చెప్పినాడు కదా, దగ్గు లేకపోతే రోగం లేనట్లేనని." వీధిలో వాళ్ళు కూడా కిటికీల్లోంచి దండం పెట్టి దేవుడున్నాడన్నారు. అందరూ సంతోషంగా ఉన్నారు, నాకొక్కదానికే ఇల్లు బావిలోకి దిగినట్టుంది. పిచ్చిదానివి, మంచి జరిగినా భయపడతావని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ పగలంతా ఏదో ఒక వంకతో కిటికీ దగ్గరికి పోయి చూస్తూనే ఉన్నాను. ఎప్పుడు చూసినా కునుకుతున్నాడు. అన్నం గిన్నె గడప మీద అట్లాగే ఉంది. నీరసమంది మా అత్త.

పొద్దు వాలుతుంటే ప్రార్థనకు కూర్చున్నాం. మా ఇంట్లో అది తప్పదు. ఆయన లోపల, మేమిద్దరం బయట, మధ్యలో సగం తెరిచిన తలుపు. చివర పరలోక ప్రార్థన చెప్పడం ఎప్పుడూ ఆయన వంతు. ఆయన చెప్పే తీరు మీద ఇంట్లో పాత తగువొకటుంది. చిన్నప్పుడు సంగటి ముద్ద చల్లారిపోతుందని గబగబా చెప్పడం అలవాటైందట, పెద్దయినా పోలేదు. ఒక్క ఊపిరిలో మొదలుపెట్టి ఒక్క ఊపిరిలో ఆమెన్ అనేస్తాడు. రొమ్ములో అంత దుమ్మున్నా దానికి మాత్రం ఊపిరి ఎక్కడినుంచి తెచ్చుకునేవాడో. "దేవుడేమన్నా రైలుకు పోతాండాడా? నిమ్మళంగా చెప్పు నాయనా" అని మా అత్త ప్రతి సాయంత్రమూ అనేది. ఆయన ప్రతి సాయంత్రమూ అట్లాగే చెప్పేవాడు.

ఆ సాయంత్రం ఆయన నిమ్మళంగా చెప్పాడు.

రెండు మాటలు చెప్పి ఆగాడు. మళ్ళీ రెండు మాటలు. మళ్ళీ ఆగాడు. ఒక్కొక్క మాటనూ ఎత్తి పక్కన పెడుతున్నట్టుగా ఉంది. మా అత్త కళ్ళు మూసుకునే ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "ఇన్నేండ్లకు నా కొడుక్కు భక్తి వచ్చింది ప్రభువా, ఇన్నేండ్లకు" అని గొణుగుతోంది. నేను కళ్ళు తెరిచాను. లోపల ఆయన మూడో మాట కోసం ఆగి ఉన్నాడు.

ఆమెన్ రాకముందే లేచాను. మా అత్త నా కొంగు పట్టుకుంది. "ప్రార్థన మధ్యలో లేస్తారామే? దేవుని భయం లేదా నీకు?"

"అత్తా, అది భక్తి కాదు. వానికి ఊపిరి లేదు."

జీవితంలో ఆయన్ను వాడు అన్నది అప్పుడొక్కసారే. మాస్కు బిగించుకుని లోపలికి పోయి లైటు వేశాను. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ముక్కు పుటాలు అదురుతున్నాయి. "మీ నాయన పేరు, మీ అమ్మ పేరు, నీ పేరు ఒక్క ఊపిరిలో చెప్పప్పా" అన్నాను. నాయన పేరు దగ్గరే ఆగిపోయాడు. నవ్వబోయాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అంబులెన్సుకు ఫోను చేస్తే బండి ఇంకో ఊరికి పోయింది, వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. చెప్పులు లేకుండానే పక్కవీధికి పరుగెత్తాను. రంజాను నెల. ఆటో అతను అప్పుడే ఖర్జూరపండు నోట్లో వేసుకుని రోజా విడిచినట్టున్నాడు, నీళ్ళ గ్లాసు చేతిలో ఉంది. దూరంగా నిలబడి విషయం చెప్పాను.

"భాయీ బాగా దగ్గుతాండాడా అక్కా?" అన్నాడు.

"దగ్గడం ల్యా. అందుకే భయమైతాంది. ఫలితం రాలేదు, అయినా ఇది అదే. నీకు అబద్ధం చెప్పను నాయనా. వస్తే రా, రాకపోతే వేరే దావ చూసుకుంటా."

అతను భార్య వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు వాళ్ళకు. ఆమె ముఖంలో నాకున్న భయమే ఉంది, నేనేం తప్పుపట్టగలను? "గ్లాసు ఈడ పెట్టు. పోయి ఆ తెర గట్టిగా బిగించుకో" అందామె. నేను వెనక్కి తిరిగి పరుగెత్తాను.

ఇంటి ముందు మా అత్త గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. "రోగం పోయి, భక్తి వచ్చిన దినం నా కొడుకును ఆసుపత్రికి తీసకపోతావా? ఆడికి పోయినోళ్ళు ఎవురన్నా మల్ల వచ్చినారా?" అని గొంతెత్తి ఏడ్చింది. ఆ నెలలో మా వీధినుంచి పోయినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు. చేతులు పట్టి ఆమెను పక్కకు లేవదీశాను. ఆయన ఆటో ఎక్కేముందు తల్లి వైపు చూసి చెయ్యి ఊపాడు.

కడప దారి నాకు తెలియనిది కాదు. ఆ సాయంత్రం మాత్రం ఎంతకీ తరగలేదు. సిమెంటు లారీలు దుమ్ము లేపుతూ ఎదురొచ్చినప్పుడల్లా ఆయన ముఖానికి నా కొంగు అడ్డం పెట్టాను. ఆయన తల నా భుజం మీద వాలిపోయింది. మాటిమాటికీ కునుకుతున్నాడు. "నిద్రపోవద్దు. దగ్గప్పా. ఒక్కసారి దగ్గు, నీకు దండం పెడతా" అని బతిమాలుకున్నాను. ముందు తెర అవతల ఆటో అతను ఏదో దువా చదువుతున్నాడు. కమలాపురం దాటి పాపాఘ్ని వంతెన ఎక్కేసరికి ఆయన చెయ్యి నా చేతిలో చల్లబడింది. నేను గట్టిగా రుద్దుతూ కూర్చున్నాను.

ఆసుపత్రి వాకిట్లోనే వేలికి ఏదో తగిలించి చూసి, ఇద్దరు పరుగెత్తుకొచ్చి ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. "ఇంత ఆలస్యంగానా తీసుకొచ్చేది?" అన్నాడు లోపలినుంచి వచ్చిన కుర్ర డాక్టరు. ఆయన నాపరాయి పాలిష్ చేసినవాడని, దగ్గు తగ్గిందని మావాళ్ళంతా సంతోషపడ్డారని చెప్పాను. "రాతి ఫ్యాక్టరీలో పనిచేశాడా? దగ్గడానికి కూడా బలం ఉండాలమ్మా" అన్నాడు. ఆయన్ను లోపలికి తోసుకుపోయారు. తలుపు మూసుకుంది. ఆ రాత్రి గురించి నేను రాయను.

తరువాత రోజులన్నీ ఆసుపత్రి గోడ పక్కన, నాలాంటి వాళ్ళ మధ్య, దూరందూరంగా గీసిన సున్నపు గీతల్లో కూర్చున్నాను. లోపలినుంచి మైకులో పేర్లు పిలిచేవాళ్ళు. పేరు పిలిస్తే దేనికో అందరికీ తెలుసు. మైకు గరగరమన్నప్పుడల్లా చెవులు మూసుకునేదాన్ని, మళ్ళీ మన పేరేమోనని తెరిచేదాన్ని. ఒక ముసలాయన తన గీతలోంచి లేచి పోయి తిరిగి రాలేదు, ఆ గీతలో ఆయన సంచి సాయంత్రందాకా అట్లాగే ఉంది. లోపల మా ఆయన ఫోనుకు చేస్తే మోగి మోగి ఆగేది. ఇంటినుంచి మా అత్త ఫోను చేస్తే, బాగున్నాడని చెప్పేదాన్ని. ఎట్లా ఉన్నాడో నాకేం తెలుసు?

ఒక పొద్దున ఆయన నంబరునుంచే ఫోను వచ్చింది. ఎత్తితే ఆడగొంతు. వార్డులో పనిచేసేదాన్నంది. "మీ ఆయన మాట్లాడలేడు కానీ వింటాడు. చెవి దగ్గర పెడతా, మాట్లాడమ్మా."

ఏం మాట్లాడాలి? "ఏమప్పా, ఈడ ఎండలో నన్ను కూర్చోబెట్టి నువ్వు ఫ్యాను కింద పండుకుంటివి కదా" అన్నాను. అవతల గాలి బుస తప్ప ఏమీ లేదు. తరువాత గొంతులో గరగర. రొమ్ము అడుగునుంచి పెద్ద దగ్గు. చివర, సన్నగా, ఈల.

నేను రోడ్డు మీదే కూలబడి బిగ్గరగా ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు అయిపోయిందనుకున్నారు. ఒకామె తన గీత దాటకుండానే రెండు చేతులూ చాచి, "పోయినాడా తల్లీ?" అని తనూ ఏడుపు అందుకుంది.

"లేదక్కా, దగ్గినాడు" అన్నాను.

ఆమెకు ఏం అర్థమైందో నాకు తెలియదు. దగ్గితే అంత సంతోషమేంటని ఆ రోజుల్లో ఎవరన్నా అనుకుంటారు. పరీక్ష ఫలితం ఆ తరువాత ఎప్పుడో ఫోనుకు వచ్చింది. అది ఉందని చెప్పడానికి.

ఆయన ఇంటికి వచ్చాడు. సగానికి చిక్కిపోయి, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు. మా వీధినుంచి పోయి తిరిగొచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆటో అతనికి ఏమీ కాలేదు, వాళ్ళ పిల్లలకూ ఏమీ కాలేదు. ఆ సంగతి తెలిసేదాకా నేను ఆ వీధివైపు తలెత్తి చూడలేకపోయాను. టీ బంకు ఆసామి ఎన్నాళ్ళయినా బంకు తెరవలేదు. ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ రాయి దగ్గు అనరు. ఆ మాట అంటే ఆ స్నేహితుడు గుర్తొస్తాడు.

రోగం పోయిందంటారు అందరూ. నాలో మాత్రం పోలేదు. పొద్దున ఈల వినపడడం కాస్త ఆలస్యమైతే మిషను ఆపేసి, "ఏమప్పా" అని పిలుస్తాను. లోపలినుంచి ఆయన దగ్గుతాడు. చాలాసార్లు అది దొంగ దగ్గని నాకు తెలుసు, నా కోసం దగ్గుతాడు. కుట్టు తేడా తెలిసినదానికి ఆ మాత్రం తెలియదా? తెలిసినా లేచి టీ పెడతాను.

సాయంత్రం ప్రార్థన మాత్రం మారిపోయింది. ఆయన పరలోక ప్రార్థన మొదలుపెట్టేముందు మా అత్త చెయ్యి చాచి ఆయన మోకాలు పట్టుకుంటుంది. "బిర్రీన చెప్పు నాయనా. బిర్రీన చెప్పెయ్" అంటుంది. ఆయన గుండెనిండా గాలి పీల్చుకుని గబగబా రైలులా అందుకుంటాడు. ఇప్పుడు ఊపిరి మునుపటంత లేదు, చివరికొచ్చేసరికి గొంతు సన్నబడుతుంది. ఆమెన్ వినపడేదాకా ఆమె, నేను కళ్ళు మూసుకోము.